నిచ్చెన పట్టుకున్నది నేనే

నా పెళ్లయిన నాటి నుంచి నాకూ నా బావమరిదికీ మధ్య ఒక్క సూటి మాట నడవలేదు. నడవకూడదు కూడా. మా వైపు బావా బావమరుదులు మర్యాదగా మాట్లాడుకుంటున్నారంటే ఇంట్లో ఏదో గొడవ జరిగినట్టే లెక్క. నేను వాడింటి గడప తొక్కితే చాలు, "వచ్చీసాడు తిండిపోతు, అన్నం గిన్నె దాసీండి" అని కేకేస్తాడు. వాడు మా ఇంటికి వస్తే "కొత్త చెప్పులు లోపల పెట్టీవే, నీ తమ్ముడొచ్చాడు" అని మా ఆవిడతో చెబుతాను. ఇద్దరం కడుపుబ్బా నవ్వుకుంటాం. వాడు నాకంటే బాగా చిన్నవాడు. అయినా ఈ విషయంలో ఎవరికెవరూ తగ్గం.

నేను పోర్టులో క్రేన్ నడుపుతాను. వాడికి తగరపువలసలో నీళ్ల మోటార్లు బాగుచేసే షాపుంది. మొన్న ఎండాకాలంలో మా ఆవిడా, వాడి భార్యా కలిసి టెక్కలి దగ్గర చుట్టాలింట్లో గృహప్రవేశానికి వెళ్లారు. నాకు సెలవు కావడంతో వాడింట్లో మకాం వేశాను. వెళ్లేముందు మా ఆవిడ వేలు చూపించి మరీ చెప్పింది.

"ఇద్దరికీ సెప్తన్నాను. ఆ పనసచెట్టు జోలికి ఎల్లారంటే ఊరుకోను."

నిజం చెప్పాలంటే, ఆ మాట అనకపోయుంటే ఆ చెట్టు సంగతి మాకు గుర్తే ఉండేది కాదు. పెరట్లోకి వెళ్లి తలెత్తి చూశాం. పైకొమ్మకి ఒకే ఒక్క కాయ, వాసన కిందిదాకా వస్తోంది. ఇంకేముంది, వెదురు నిచ్చెన తెచ్చి చెట్టుకి ఆనించాం. నేను కింద పట్టుకున్నాను, వాడు ఎక్కాడు. నిచ్చెన చివర నిలబడి కోస్తే సరిపోయేది. వాడికి హుషారెక్కువ. నిచ్చెన వదిలి కొమ్మ మీదికి అడుగేశాడు. కొమ్మ ఫెళ్లుమంది. ముందు పనసకాయ పడింది, దాని వెనకే వాడు. నేను నిచ్చెన వదిలేసి చేతులు చాచాను. ఆ తర్వాత ఏం జరిగిందో నాకే సరిగా తెలీదు. ఇద్దరం నేల మీద ఉన్నాం. కాయకి ఏమీ కాలేదు. వాడి కాలు మాత్రం మోకాలి కింద వంకర తిరిగిపోయింది, ఎముక చర్మాన్ని చీల్చుకుని బయటికొచ్చింది.

అంబులెన్సులో ఉన్నంతసేపూ పళ్లు బిగబట్టి మరీ నన్ను ఏడిపించాడు. "బావా, కాయ కుక్కలు తినీగలవు, లోపల పెట్టినావా?" అంటాడు. మధురవాడ దాటేసరికి నా ఎడమ మణికట్టు సలపడం మొదలైంది. చూస్తే ఉబ్బుతోంది. వాడి కంటపడితే ఇక జీవితాంతం దెప్పుతాడని భుజం మీది తువ్వాలు చుట్టేసి పైకి కనపడకుండా పెట్టుకున్నాను.

ఆసుపత్రిలో ఎమర్జెన్సీ వార్డు. కుర్ర డాక్టరమ్మ కాలు చూసి, గుడ్డ కప్పి అడిగింది. "ఎలా జరిగింది?"

మా వాడు నా వైపు చేయి చూపించాడు. "మా బావే తోసీసినాడు మేడం. పనసకాయ మొత్తం ఈయనగారికే కావాలంట."

ఇంట్లోనైతే ఆ మాటకి నవ్వుతారు. నేను ఇంట్లో ఉన్నట్టే జవాబిచ్చాను. నోరు దానంతటదే కదిలింది, ఏం చేస్తాను!

"చెట్టు చాల్లేదు మేడం. ఈసారి మేడ మీంచి తోత్తాను."

డాక్టరమ్మ నవ్వలేదు. సూది ఎక్కిస్తున్న నర్సు చెయ్యి అక్కడే ఆగిపోయింది. నా వెనకాల బూట్ల చప్పుడైంది.

సెక్యూరిటీ సూపర్‌వైజరు. మిలిటరీలో చేసి వచ్చిన మనిషని నిలబడిన తీరే చెబుతోంది. "సార్, మీరిటు రండి" అన్నాడు.

"ఏటండీ?"

"ఇటు రండంటున్నాను. టవల్లో ఏముంది?"

"నా చెయ్యండీ."

"చెయ్యి సంగతి కాదు, చేతిలో ఏముంది?"

తువ్వాలు విప్పి చూపించాను. మణికట్టు బూరెలా పొంగిపోయి ఉంది. ఆయన దాన్ని అటూ ఇటూ చూసి గంభీరంగా తలాడించాడు. "పెనుగులాటలో తగిలిందన్నమాట" అన్నాడు.

ఓరి నాయనో! ఆ తర్వాత చూడాలి హడావుడి. వాకీటాకీలో "అనుమానితుడు మా దగ్గరే ఉన్నాడు, రెండో గేటు మూసెయ్యండి" అన్నాడు. ఒక గార్డు మా వాడి మంచం పక్కన కాపలా నిలబడ్డాడు. ఇంకొకడు నా కుడిచెయ్యి పట్టుకుని వార్డు బయట వరండాలోకి నడిపించాడు. నా ఫోను తీసేసుకున్నారు. ఎదురుగా బెంచీ మీద కూర్చున్న ముసలమ్మ పక్కావిడ చెవిలో నాకు వినపడేంత గట్టిగా చెప్పింది.

"ఓలమ్మా, బామ్మర్దిని సెట్టు మీంచి తోసీసినాడంట!"

పక్కావిడ నన్ను ఎగాదిగా చూసింది. "మొకం సూత్తే తెలీట్లేదేటి?"

నాకు కోపం వస్తే ఆగదు. క్రేన్ మీద కూర్చుని కిందున్నవాళ్లకి వినపడేలా అరవడం అలవాటైన గొంతు. "మీకేటైనా మతుందా అండీ? సరసానికన్న మాట పట్టుకుని మనిషిని దొంగలా నిలబెడతారేటి? ఆణ్ణే అడగండి!" అని వరండా దద్దరిల్లేలా అరిచాను. లోపల్నుంచి మా వాడూ అరుస్తున్నాడు. "జోకండీ బాబూ! జోకు! మా బావని ఒగ్గీండి!"

సూపర్‌వైజరు మాత్రం గొంతు పెంచలేదు. "అరవకండి సార్. పోయిన నెల ఒకమ్మాయి వచ్చింది. మా ఆయనే తోసేశాడని నవ్వుతూ చెప్పింది. జోకనుకుని మేమూ నవ్వాం. ఇంటికి పంపేశాం. వారం తిరక్కుండా మళ్లీ వచ్చింది. ఈసారి నవ్వలేదు." నా ఫోను జేబులో వేసుకుంటూ అన్నాడు. "బెదిరించినవాడు బయటుంటే లోపలున్నవాళ్లు మాట మార్చడం మామూలే. పోలీసు ఔట్‌పోస్టు నుంచి కానిస్టేబుల్ వస్తోంది. ఆవిడ మాట్లాడేదాకా మీరు ఇక్కడే."

ఆ మాటకి నా గొంతు సగం తగ్గింది. ఏం చెప్పను? ఆ మనిషి చేస్తున్నది తప్పు కాదు. తప్పు కాకపోయినా మండిపోతూనే ఉంది.

ఇంతలో పెద్ద డాక్టరు వచ్చి మా వాడి కాలు చూశాడు. ఎముక బయటికొచ్చింది కాబట్టి వెంటనే శుభ్రంచేసి ఆపరేషన్ చెయ్యాలన్నాడు. ఆలస్యమైతే చీము పడుతుంది, కాలికే మోసం రావచ్చన్నాడు. పూర్తి మత్తివ్వాలన్నాడు. రోగి తరపున సంతకం ఎవరు పెడతారని నర్సు కాగితం పట్టుకుని తిరుగుతోంది. పెట్టాల్సినవాణ్ణి నేను. నేను చూస్తే గార్డు చేతిలో!

మత్తు అనే మాట వినగానే లోపల మా వాడి అరుపులు ఆగిపోయాయి. దాంతో నాకు భయమేసింది. వాడు నోరు మూసుకోవడం నేను ఒక్కసారే చూశాను. మా పెళ్లయిన కొత్తలో మా మామగారిని కడుపు ఆపరేషనుకి తీసుకెళ్లారు. నవ్వుతూ లోపలికి వెళ్లిన మనిషి మళ్లీ కళ్లు తెరవలేదు. మా వాడు అప్పటికి హైస్కూలు పిల్లాడు. ఆ రోజంతా థియేటరు బయట బెంచీ మీద నా చొక్కా పట్టుకుని కూర్చున్నాడు, ఒక్క మాట లేదు. ఇంటికి తీసుకెళ్తుంటే దారిలో మొదటిసారి నోరు విప్పి, "బావా, నీ బండి ఎద్దుబండి కన్నా నెమ్మదిగా ఎల్తంది" అన్నాడు. నా ప్రాణం లేచొచ్చింది. మా సరసాలు ఇక ఎప్పటికీ ఆగకూడదని ఆ రోజే అనుకున్నాను.

ఇప్పుడు తెర వెనక నుంచి వాడి గొంతు సన్నగా వినిపించింది. "మా బావ బయట బెంచీ మీద కూకుంటేనే నాను లోపలికెల్తాను. లేకపోతే కాలు పోతే పోనీండి."

"బాబూ, టైము లేదు" అంటున్నాడు డాక్టరు.

"పోనీండి సార్."

వాడు మొండి. అంటే అన్నట్టే. నా వెధవ నోటి దూలకి వాడి కాలు పోతుందేమోనని ఎంత తిట్టుకున్నానో!

కానిస్టేబులమ్మ వచ్చింది. నడివయసు మనిషి, కూరగాయల సంచీ చేత్తోనే వచ్చింది, డ్యూటీ దిగి ఇంటికి వెళ్తుంటే పిలిచినట్టున్నారు. నన్నొకసారి చూసి తెర లోపలికి వెళ్లింది. నేను బయట, నా చెయ్యి గార్డు పట్టులో. ప్రతి మాటా వినిపిస్తోంది.

"ఏటి బాబూ, మీ బావ తోసాడా?"

"లేదమ్మా."

"నిజం సెప్పు. భయపడకు. ఆయన ఇక్కడ లేడు."

"నిజవేనమ్మా. నాను కొమ్మ మీద అడుగేసినాను, ఇరిగిపోనాది. మా బావ నిచ్చెన ఒగ్గీసి నా కిందకొచ్చీసినాడు. నా బరువంతా ఆయన సెయ్యి మీదే పడింది. అందుకే తల నేలకి తగల్లేదు. ఆ సెయ్యి ఇరిగింది. నాకు సెప్పకుండా తువ్వాలు సుట్టీసుకున్నాడు. నాకు తెలీదనుకుంతన్నాడు. అంబులెన్సులోనే సూసినాను. ముందు ఆయన సెయ్యి సూడండమ్మా."

నేను గోడకి ఆనుకున్నాను. గార్డు తన చెయ్యి నెమ్మదిగా తీసేశాడు.

కానిస్టేబులమ్మ బయటికొచ్చి నా తువ్వాలు విప్పి చూసింది. సూపర్‌వైజరు వైపు తిరిగింది. "మీకు బామ్మర్దులు లేరేటండీ?"

"ఉన్నాడు" అన్నాడాయన. "మాటల్లేవు."

ఆవిడ నన్ను వదిలెయ్యమని చెప్పి, కూరగాయల సంచీ తీసుకుని వెళ్లిపోయింది. కుడిచేత్తో సంతకం పెట్టాను. స్ట్రెచరు థియేటరు దాకా నేనే పక్కన నడిచాను. తలుపు దగ్గర వాడు నా చొక్కా అంచు పట్టుకున్నాడు.

"బావా, ఎక్కడికీ ఎల్లిపోకు."

ఎన్నేళ్ల నుంచో వాడి ప్రతి మాటకీ నా దగ్గర సిద్ధంగా ఒక జవాబుండేది. అప్పుడు మాత్రం వాడి చెయ్యి మీద నా కుడిచెయ్యి వేశాను. "ఇక్కడే ఉంటాన్రా" అన్నాను.

చేతికి ఎక్స్‌రే తీయించుకోమని నర్సు రెండుసార్లు వచ్చింది. వాడు బయటికొచ్చేదాకా కదలనన్నాను. బెంచీలన్నీ నిండిపోయి ఉంటే సూపర్‌వైజరే తన కుర్చీ తెచ్చి థియేటరు తలుపు ఎదురుగా వేశాడు. ఐసుముక్కల సంచీ తెచ్చి నా మణికట్టు మీద పెట్టాడు. క్షమించమని అనలేదు, నేనూ అడగలేదు. ఆ పనసకాయలో సగం తర్వాత ఆయనింటికే వెళ్లిందనుకోండి. ఫోను తిరిగివ్వగానే మోగింది, మా ఆవిడ.

"సెట్టు జోలికి ఎల్లలేదు కదా?"

"లేదు" అన్నాను. అంతకంటే ఏం చెప్పగలను, ఆ సమయంలో!

కిటికీలోంచి సముద్రం కనిపిస్తోంది, పోర్టులోకి పిలుపు కోసం ఆగిన ఓడలు వరసగా ఉన్నాయి. వాటిని చూస్తూ, తలుపు వైపు చూస్తూ కూర్చున్నాను. మామగారు గుర్తొస్తుంటే ఓడల వైపు తిరిగేవాణ్ణి. సూపర్‌వైజరు కూడా ఎటూ వెళ్లకుండా గోడకి ఆనుకుని నిలబడ్డాడు.

తలుపు తెరుచుకుంది. కాలికి పెద్ద కట్టుతో మా వాడు. డాక్టరు బొటనవేలు పైకెత్తి చూపించాడు, కాలు దక్కిందన్నాడు. నర్సు వాడి చెంప తట్టింది. మత్తు దిగిందో లేదో చూస్తారట.

"బాబూ, కళ్లు తెరువు. ఇటు చూడు. ఈయన ఎవరు?"

వాడు బరువుగా కళ్లు తెరిచాడు. నన్ను చూశాడు. నేను తిట్టు కోసం చూస్తున్నాను, తిండిపోతనో, కాయ కోసం తోసినవాడనో. సూపర్‌వైజరు కూడా ముందుకి వంగాడు.

"మా నాన్న" అన్నాడు. మళ్లీ కళ్లు మూసుకున్నాడు.

స్ట్రెచరు వార్డు వైపు కదిలింది. సూపర్‌వైజరు నా దగ్గరికొచ్చి, గొంతు బాగా తగ్గించి అడిగాడు.

"ఇది కూడా జోకేనా సార్?"

"కాదండీ" అన్నాను.