రత్నకుమారి వాల్వుల పెట్టె

చిలకలపూడి రత్నకుమారి మాట్లాడితే ఎవరో ఇత్తడి పళ్లాన్ని గరుకు కాగితంతో రుద్దుతున్నట్టు ఉంటుంది. గొంతు దగ్గర గడ్డకు ఆపరేషన్ అయిన నాటి నుంచీ అంతే. పాలవాడికి రేపు పాలు వద్దని చెప్పాలన్నా రెండోసారి చెప్పాల్సిందే. అలాంటి మనిషి "నేను పద్యం ఎత్తుకుంటే దివిసీమలో వన్స్‌మోర్ కొట్టకుండా జనం వదిలేవాళ్లు కాదు" అంటే నమ్మేదెవరు?

కొత్తగా కాపురానికి వచ్చిన కోడలు భార్గవి కూడా నమ్మలేదు. మంచి పిల్ల కాబట్టి పైకి "అవునా అత్తయ్యా!" అనేది. ఆ అవునాలో నమ్మకం ఎంతో, మర్యాద ఎంతో రత్నకుమారికి తెలియదా? ఏళ్ల తరబడి స్టేజీ ఎక్కిన మనిషి. ముందు వరసలో ఎవడు ఆవలిస్తున్నాడో, వెనక వరసలో ఎవడు చెప్పులు వెతుక్కుంటున్నాడో పద్యం మధ్యలోనే కనిపెట్టేసేది.

నిజానికి ఆవిడ ఒక్క ముక్క కూడా ఎక్కువ చెప్పలేదు. పగలు రోల్డుగోల్డు గాజులకు మెరుగు పెట్టడం, తిరునాళ్ల రోజులొస్తే పౌరాణిక నాటకాల్లో రాణి వేషం కట్టడం, ఇదీ ఆవిడ బతుకు. కిరీటాలు, హారాలు, వడ్డాణాలు భర్త తాతారావు స్వయంగా చేసి పెట్టేవాడు. చిలకలపూడి మొత్తంలో అంత పనిమంతుడు లేడని పేరు. ఇప్పుడు తాతారావూ లేడు, గొంతూ లేదు. మిగిలింది ఒక్క క్యాసెట్టు.

నాగాయలంక వైపు ఏదో ఊళ్లో నాటకం ఆడుతుంటే, ఎవరో అభిమాని టేపురికార్డరు ఒళ్లో పెట్టుకుని పట్టిన క్యాసెట్టు అది. అందులో ఆవిడ పద్యం ఒకటి పూర్తిగా ఉంది. పద్యం అయిపోగానే టేపూ అయిపోయింది. జనం కొట్టిన వన్స్‌మోర్ మాత్రం అందులో పడలేదు. "ఆ సచ్చినోడు ఇంకాస్త టేపున్న క్యాసెట్టు తెచ్చుకుని ఏడిస్తే ఏం పోయేది!" అని రత్నకుమారి ఇప్పటికీ తిట్టుకుంటుంది.

కొడుకు దుర్గాశ్రీనివాస్‌కు టెలిఫోన్ ఆఫీసులో ఉద్యోగం, ఇంట్లో పాటల పిచ్చి. హాల్లో సీడీ ప్లేయరు, యాంప్లిఫయరు, మనిషి నడుమెత్తు స్పీకర్లు రెండు పెట్టుకున్నాడు. అమ్మను సంతోషపెడదామని క్యాసెట్టులోని పద్యాన్ని సీడీలోకి ఎక్కించి, ఓ ఆదివారం అందరినీ కూర్చోబెట్టి వినిపించాడు.

వచ్చిందండీ గొంతు! రేకు డబ్బా మూత మీద గోరుతో గీసినట్టు, సన్నగా, పదునుగా. భార్గవి పాపం కల్లాకపటం లేకుండా అడిగేసింది.

"ముక్కుతో పాడేవారా అత్తయ్యా?"

రత్నకుమారి వంటింట్లోకి వెళ్లి, ఉప్పు వేసిన పప్పులోనే మళ్లీ ఉప్పు వేసింది. గొంతు ఎలాగూ పోయింది. ఇప్పుడు మిగిలింది ఈ రేకు చప్పుడే అయితే, రేపు పుట్టబోయే మనవలకు నాయనమ్మ అంటే ఈ చప్పుడే. కనీసం ఈ ఇంట్లో ఉన్న ఒక్క పిల్ల చేతనైనా నిజంగా ఔననిపించుకోవాలి. అంతకు మించి ఆవిడకు కోరిక లేదు.

అటక సర్దుతుంటే ఆవిడకు ఒక పెట్టె దొరికింది. జానెడు పెట్టె, దాని నెత్తిన పాత రేడియోల్లో ఉండేలాంటి రెండు గాజు వాల్వులు. శ్రీనివాస్ బొంబాయి నుంచి తెప్పించి, సినిమా పాటలతో పరీక్షించి, నచ్చక పక్కన పడేశాడు.

"సీడీ ప్లేయరుకీ యాంప్లిఫయరుకీ మధ్య పెడతారమ్మా. గొంతుకి కాస్త నిండుతనం తెస్తుందంటారు. కానీ అది లేని శబ్దం కలుపుతుంది. ఉన్నది ఉన్నట్టు వినాలి మనం."

"ఉన్నది ఉన్నట్టు విని నాకు ముక్కు అంటగట్టారు కదరా! పెట్టు."

పెట్టాడు. స్విచ్చి వేశాక వాల్వుల్లో ఎర్రటి వెలుగు మెల్లగా అందుకుంది. ఆ వెలుగు రత్నకుమారికి కొత్తది కాదు. తెర పక్కన నిలబడి, మైక్‌సెట్టులో వాల్వులు ఎర్రబడ్డాయో లేదో చూసుకునే కదూ స్టేజీ మీదకు అడుగుపెట్టేది! అంతలో పద్యం మొదలైంది. ఈసారి గొంతు ముక్కులోంచి రాలేదు, బొడ్డు దగ్గర నుంచి లేచింది. వెనక హార్మోనియం కూడా ఒళ్లు చేసింది.

"బాగానే ఉందమ్మా. కాకపోతే ఇది పూత," అన్నాడు శ్రీనివాస్ తల గోక్కుంటూ.

"పూతేరా! మీ నాన్న రాగి మీద బంగారప్పూత వేసే నిన్ను చదివించాడు. కింద రాగి గట్టిది కాకపోతే పైన పూత నిలవదు. పాడింది నేనేగా?"

అప్పటికి భార్గవి పామిడిముక్కలలో పుట్టింట్లో ఉంది. మర్నాడు వస్తుంది. రాగానే వినిపించాలి. ఆ సంబరంలోనే రత్నకుమారి చేయకూడని పని చేసింది. ఆ ఇంట్లో ఏ వస్తువూ ఒంటి మీద గుడ్డ లేకుండా ఉండదు. టీవీకి తొడుగు, ఫోనుకి తొడుగు, మిక్సీకి తొడుగు. ఈ పెట్టె మాత్రం ఏం పాపం చేసింది? పాత రాణి వేషంలోని మఖమలు గుడ్డ కత్తిరించి, జరీ అంచు వేసి, దర్జాగా తొడుగు కుట్టింది. కోడలు వచ్చేసరికి వాల్వులు వేడెక్కి ఉండాలని ముందే స్విచ్చి వేసి, దుమ్ము పడకుండా తొడుగు తొడిగి, వీధి గుమ్మంలో నిలబడింది.

భార్గవి సంచీ దించుతూనే ముక్కు ఎగబీల్చింది. "ఏదో మాడుతోంది అత్తయ్యా."

రత్నకుమారి పరుగెత్తుకెళ్లి తొడుగు లాగేసింది. జరీ అంచు ఒక వాల్వుకు తగులుకుంది. ఠప్పుమని గాజు పగిలింది.

అలాంటి వాల్వు పంపడానికి బొంబాయి వాళ్ల దగ్గర సరుకు లేదట. "పోనీలెండి అత్తయ్యా," అంది భార్గవి ఓదార్పుగా. ముక్కుతో పాడారా అన్నప్పటి కంటే ఆ పోనీలెండి ఎక్కువ మండింది. ఎలా పోనిస్తుంది? రత్నకుమారి పగలకుండా మిగిలిన రెండో వాల్వును దూదిలో చుట్టి, పాండ్స్ డబ్బాలో పెట్టుకుని, అవనిగడ్డ బస్సెక్కింది.

అవనిగడ్డలో యలమంద ఉన్నాడు. ఒకప్పుడు వాళ్ల నాటకాలన్నిటికీ మైక్‌సెట్టు పెట్టిన మనిషి. ఇప్పుడు కొడుకులు పెళ్లిళ్లకు పెద్ద పెద్ద బాక్సులు అద్దెకిస్తుంటే, ఆయన మూల కుర్చీలో కూర్చుని వాళ్లకు వంకలు పెడుతుంటాడు. డబ్బాలోని వాల్వు చూడగానే లేచి నిలబడ్డాడు.

"ఇది మన పాత సెట్టులో ముందు వరస వాల్వు చెల్లెమ్మా! మైకు ముందు ఎవరు నోరు తెరిచినా మొట్టమొదట దీన్లోకే రావాలి."

"ఉందా అన్నయ్యా?"

"లేకేం? మావాళ్లు పారేద్దామంటే దాచా." బిస్కెట్ల డబ్బా తెరిచి, నంబరు సరిచూసి, అరచేతిలో పెట్టాడు. "నీ గొంతు దీనికి కొత్త కాదమ్మా. తీసుకెళ్లు."

దారి పొడుగునా రత్నకుమారి ఆ వాల్వును ఒళ్లోంచి దించలేదు.

ఆదివారం పొద్దున్న శ్రీనివాస్ వాల్వు బిగించాడు. ఈసారి తొడుగు లేదు. పెట్టె సిగ్గుపడకుండా ఎర్రగా వెలిగింది. భార్గవి హాల్లో కత్తిపీట ముందేసుకుని బెండకాయలు తరుగుతోంది. రత్నకుమారి ఆమెను రమ్మనలేదు, వినమనలేదు. అడిగి కొట్టించుకున్న వన్స్‌మోర్‌కు విలువేముంది?

పద్యం మొదలైంది. రెండో పాదానికి కత్తిపీట చప్పుడు ఆగింది. నాలుగో పాదం చివర రాగం ఎత్తుకుని, పైకి పోయి, అక్కడే నిలబడి, ఇంకా పైకి పోయింది గొంతు. భార్గవి చేతిలో సగం కోసిన బెండకాయ అలాగే ఉండిపోయింది. పద్యం ఆగింది.

"అత్తయ్యా," అంది భార్గవి. "మళ్లీ పెట్టరా?"

రత్నకుమారి వినపడనట్టు కిటికీ వైపు చూసింది. శ్రీనివాస్ బటన్ మీదకు చెయ్యి పోనిస్తే కళ్లతోనే ఆపేసింది. మొదటి కేకకే లొంగిపోతే ఆర్టిస్టు మర్యాద ఏం కాను?

భార్గవి కత్తిపీట పక్కకు తోసి లేచి నిలబడింది. కళ్లలో నీళ్లు తిరుగుతున్నాయి. పిల్ల ఈసారి గట్టిగా అరిచింది.

"మిమ్మల్నే అత్తయ్యా! ఇంకోసారి! మొదటి నుంచి!"

అప్పుడు లేచింది రత్నకుమారి. పైట సర్దుకుంది. కుడివైపుకు, ఎడమవైపుకు, ఎదురుగా ఉన్న కోడలికి వంగి దండం పెట్టింది. గుండెల నిండా ఊపిరి పీల్చుకుని, బటన్ నొక్కింది.