బీడీల చాటల మధ్య ఊర్మిల టీచర్

మల్యాల దగ్గరి ఆ చిన్న బడిలో రక్షిత మళ్లీ ఒకరిని కొరికింది. ఈసారి చంద్రవ్వ మనవడి ముంజేతి మీద పళ్ల గాట్లు పడ్డాయి. చంద్రవ్వ బడికొచ్చి, సోమవారానికల్లా ఆ పిల్లను తీసేయకపోతే తమ వాడకట్టు పిల్లలెవరూ రారని చెప్పి పోయింది. ఉన్న పిల్లలే అంతంత మాత్రం. పెద్దసారు తల పట్టుకున్నాడు. రక్షిత తల్లి సరిత మాత్రం, తీసేస్తే తీసేయండి, ఇంట్లో కూర్చుని బీడీలు చుడుతుందని కబురు పంపింది.

రోజూ జగిత్యాల నుంచి బస్సులో వచ్చే ఊర్మిల టీచర్‌కు ఆ కబురే ఎక్కువ భయం పుట్టించింది. బీడీల ముందు కూర్చున్న పిల్ల మళ్లీ బడికి లేవదు. ఆమె రక్షితను తిట్టలేదు. పక్కన కూర్చోబెట్టుకుని, వాడేమన్నాడని అడిగింది. ఆ పిల్ల నోరు విప్పింది.

"ఖల్లివెల్లి బిడ్డ అన్నడు."

దుబాయిలో కంపెనీ వదిలేసి, కాగితాలు లేకుండా దాక్కుని పనిచేసేవాళ్లను అక్కడ అలా అంటారు. రక్షిత తండ్రి అలాగే ఉన్నాడు. ఆయన ఫోను ఎప్పుడో గాని రాదు. పిల్లవాడికి ఆ మాట బీడీలు చుట్టే అరుగు మీది ముచ్చట్లలోనే దొరికి ఉంటుందని ఊర్మిలకు తెలుసు. కోరుట్లలో ఆమె పెరిగింది బీడీలు చుట్టే తల్లి పక్కనే.

ఆ సాయంత్రం రక్షిత చెయ్యి పట్టుకుని చంద్రవ్వ అరుగు మీదికే వెళ్లింది. వాడకట్టు ఆడవాళ్లంతా ఒళ్లో చాటలు పెట్టుకుని బీడీలు చుడుతున్నారు. సరిత ఓ మూలన ఉంది. ఊర్మిల ఆమె చాటలోంచి ఓ ఆకు తీసుకుంది. చిన్నప్పుడు తల్లి దగ్గర నేర్చిన పని చేతులు మరిచిపోయాయి. బీడీ వదులుగా వచ్చింది.

"గిది జూస్తె బీడీల సేటు మమ్ముల ఎల్లగొడ్తడు మేడం," అంది చంద్రవ్వ. అందరూ నవ్వారు. ఊర్మిల కూడా నవ్వింది. ఇంకో ఆకు తీసుకుంటూ అడిగింది:

"గీడ కూసున్నోళ్లల్ల ఎవలింట్ల ఖల్లివెల్లి అయినోళ్లు లేరో చెప్పుండ్రి."

అందరి చేతులూ ఆగాయి. సరిత తల వంచుకుంది. అరుగు అంచున కూర్చున్న ఇంకొకామె అంది: "మా ఆయినె పెండ్లి ఒక్కపారే చేసుకున్నడు గని, ఖల్లివెల్లి రెండుసార్లయిండు."

నవ్వులు తగ్గాక ఒకరు తమ్ముడి సంగతి, ఇంకొకరు మరిది సంగతి చెప్పారు. చంద్రవ్వ మాత్రం నవ్వలేదు.

"మా పెద్దోడు గిప్పుడు గట్లనే ఉన్నడు," అంది మెల్లగా. "వాని కొడుక్కు తెల్వదు."

ఆ కొడుకే చెయ్యి కొరికించుకున్నవాడు. రక్షిత కళ్లు పెద్దవి చేసి చూసింది. చంద్రవ్వ చాట జరిపి ఆ పిల్లను పక్కన కూర్చోబెట్టుకుంది.

"సోమారం బడికి పో బిడ్డా. మావోనికి గీ ముచ్చట జెప్పకు. మల్ల కొర్కకు."

రక్షిత టీచర్ వైపు చూసింది. ఊర్మిల జవాబు ఆ పిల్లకే వదిలేసింది.

"చెప్ప," అంది రక్షిత. కాస్త ఆగి, "వాడు అనకుంటె కొరక," అంది.