మరియమ్మ పాటలో ఖాళీ జాగా

2018 నవంబరు. నల్లగొండలో ఒక మందుల షాపు పైన నాకు చిన్న రికార్డింగ్ స్టూడియో ఉంది. దుకాణాల ప్రకటనలు, బోనాల పాటలు, భజనలు ఏడాదంతా వస్తూనే ఉంటాయి. నవంబరు వచ్చిందంటే మాత్రం క్రిస్మస్ పాటలదే రాజ్యం. ప్రతి చర్చి బృందానికీ ఏటా కొత్త పాట కావాలి. నిరుడు వయొలిన్లు, డ్రమ్స్ పెట్టి ఆర్భాటంగా చేయించుకున్న పాటను ఈ ఏడు పాడమంటే ఒకరి మొహం ఒకరు చూసుకుంటారు. నాకు గిరాకీ కాబట్టి నేను కిక్కురుమనేవాణ్ణి కాదు.

ఆ ఏడు దేవరకొండ వైపు నుంచి మరియమ్మ అనే పెద్దావిడ కోడలిని వెంటబెట్టుకొని వచ్చింది. ఆమె భర్త తాపీ మేస్త్రీ. ఆయన కట్టిన పాట ఒకటుందట. క్రిస్మస్ ముందు సంఘమంతా ఇల్లిల్లూ తిరిగి పాడే క్యారల్స్‌లో ఏళ్ల తరబడి అదే పాడారట. ఆయన పోయాక ఆ పాటా ఆగిపోయింది.

"ఇప్పుడు పోరగాండ్లు స్పీకర్ డబ్బల పాటలు పెట్టుకొని తిరుగుతున్నరు బిడ్డా. ఆయన పాట సుత గా డబ్బల ఎక్కియ్యి. గట్లనన్న మా ఇంటి ముంగటికి వస్తది" అంది.

మైకు ముందు నిలబెట్టాను. "ఎవరింట పుట్టిండమ్మ పసిబాలుడు" అని ఎత్తుకొని ఆగిపోయింది. కాసేపటికి "ఆకలున్న ఇంటనా, అన్నమున్న ఇంటనా" అని మళ్లీ ఆగింది. మరిచిపోతోందేమో అనుకున్నాను. పాటంతా అలాగే సాగింది. తర్వాత ట్రాక్, అంటే పాట వెనక వినిపించే వాద్యాల సంగీతం, తయారుచేసి ఆ ఖాళీల్లో ఒక్కో ఫ్లూట్ బిట్ పెట్టాను. పంక్తికీ పంక్తికీ నడుమ వాయించే చిన్న ముక్కను మేం బిట్ అంటాం. వినిపిస్తే ఆమె మొహం చిన్నబోయింది.

"గీ పిల్లనగ్రోవి ఎందుకు బిడ్డా?"

"లేకుంటే ఖాళీగ ఉంటది అవ్వా. కరెంటు పోయిందనుకుంటరు."

"అది ఖాళీ గాదు, మా జాగా. ఆయన గడప ముంగట నిలబడి అడుగుతడు. ఇంట్లున్నోళ్లు 'మా ఇంట, మా ఇంట' అనాలె. పాట రానోళ్లకు సుత గదొక్కటి వస్తది."

"మరి గది గూడ నువ్వే పాడరాదు?"

"ఇయ్యాల ఆయన పాడేది పాడిన. జవాబు ఇంటికాడ చెప్త." కొంగుతో కళ్లు తుడుచుకుంది. "ఆయన పోయినంక మా గడప ముంగట నన్ను అడిగినోళ్లే లేరు బిడ్డా."

ఫ్లూట్లన్నీ తీసేశాను. ఖాళీల్లో సన్నగా డప్పు దెబ్బ ఒక్కటి ఉంచుతానంటే ఒప్పుకుంది. పెన్ డ్రైవ్ తీసుకొని వెళ్లింది గానీ, కుర్రాళ్లు అసలు ఆ పాట పెడతారో లేదోనని నాకు బెంగ పట్టుకుంది.

క్రిస్మస్ ముందు ఒక సాయంత్రం కోడలి ఫోన్ నుంచి మరియమ్మ మాట్లాడింది. వెనక గోలగోలగా ఉంది.

"అడిగిండు బిడ్డా! పోరగాండ్లు పాట ఆగిందని డబ్బను తట్టి చూసిండ్రు. నేను గడపల నిలబడి 'మా ఇంట' అన్న. రెండోపారి వాకిట్ల ఉన్నోళ్లంత అన్నరు."

"గొంతు నీదే గద అవ్వా" అన్నాను నవ్వుతూ.

"గొంతు నాదే. అడిగింది ఆయన."

మంచి మైకు పెట్టినంత మాత్రాన పాట నాలుగు కాలాలు నిలవదని ఆ రోజు తెలిసింది. వినేవాళ్లకు కూడా పాడే పని ఉన్న పాటనే జనం మళ్లీ మళ్లీ అడుగుతారు. ఇప్పుడు వచ్చిన బృందాలకల్లా అదే చెబుతాను. చాలామంది వినరు, ఫ్లూటే కావాలంటారు.

మాది క్రిస్మస్ చేసుకునే ఇల్లు కాదు. అయినా డిసెంబరు సాయంత్రాల్లో కింద వీధిలోంచి క్యారల్స్ వెళ్తుంటే, ఒక్కసారి నా గుమ్మం ముందు కూడా ఎవరైనా ఆగి అలా అడిగితే బాగుండునని మనసు కొట్టుకుంటుంది.