కుడికాలు అరంగుళం తక్కువ

నేను భద్రాచలం అవతల కొంటాలో బట్టలు కుడతాను. మా అమ్మాయి సౌమ్య ఎనిమిదో తరగతికి వచ్చిన వారానికే కొత్త యూనిఫాం నడుము దగ్గర పట్టలేదు. మళ్లీ కొలతలు తీస్తుంటే మెడ వెనక నల్లటి చార కనిపించింది. మట్టి అనుకుని సబ్బుతో గట్టిగా రుద్దాను. చార పోలేదు, పిల్ల ఏడ్చింది. ఏదో తేడాగా ఉందని నాకు ఆ రోజే అనిపించింది.

భద్రాచలం తీసుకెళ్లాను. బ్లడ్ టెస్టులు, స్కానింగ్ చేశారు. షుగర్ అంచు మీద ఉంది, మెడ మీది చార దాని గుర్తేనట. ఫ్యాటీ లివర్ కూడా మొదలైంది.

"ఇప్పుడే మందులొద్దమ్మా. ఇంటర్వెల్ ట్రైనింగ్ చేయించండి. నిమిషం పరుగు, రెండు నిమిషాలు మెల్లగా నడక. వారానికి మూడు రోజులే. ఆ నడక కూడా ట్రీట్‌మెంటే, మానొద్దు. ఎక్కడ నొప్పి వచ్చినా ఆపేసి తీసుకురండి" అన్నారు డాక్టర్.

పొద్దున్నే ఫోన్లో టైం పెట్టుకుని రోడ్డు పక్కన నిలబడేదాన్ని. రెండు నెలల్లో నడుము రెండంగుళాలు తగ్గింది. టేపు చూసి నాకు కళ్లు నెత్తికెక్కాయి. నడక దండగ అనిపించింది. రెండు నిమిషాలను ఒకటి చేశాను, తర్వాత అర నిమిషం చేశాను. మూడు రోజుల్ని ఆరు చేశాను.

"అమ్మా, కుడి మోకాలు నొస్తాంది. ఇయ్యాల ఉరకలేను" అంది ఒకరోజు.

"మొన్న కడుపు నొప్పి, ఇయ్యాల మోకాలా? స్కూల్ల మోటీ, లావుపిల్ల అన్నరని మళ్ల నువ్వే ఏడుస్తవ్. ఉరుకు!"

నా నోరు నా కత్తెర కంటే పదును. సాయంత్రం మాత్రం ఇప్పనూనె వేడిచేసి మోకాలికి రాసేదాన్ని. మా దగ్గర ఏ నొప్పికైనా అదే మొదటి మందు. రాస్తున్నప్పుడు ఆ పాదం బయటికి తిరిగి ఉండేది. రోజంతా మనుషుల కొలతలు తీసే దాన్ని, చూసి కూడా పట్టించుకోలేదు.

ఒక పొద్దున మూడో పరుగులో పడిపోయింది. తనంతట తాను లేవలేకపోయింది.

ఈసారి డాక్టర్ తుంటికి ఎక్స్‌రే తీయించారు. "తొడ ఎముక పైనుండే బంతి తుంటి దగ్గర జారిందమ్మా. స్లిప్డ్ ఎపిఫిసిస్ అంటారు. బరువున్న పిల్లల్లో ఎదిగే వయసులో వస్తుంది. నొప్పి మోకాల్లో తెలుస్తుంది. ఎన్నాళ్ల నుంచి ఉంది?"

సౌమ్యే చెప్పింది: "ఐదు వారాలు సార్."

ఆయన ఎక్స్‌రే కిందపెట్టి, "మొదట్లోనే తెచ్చి ఉంటే..." అని ఆగిపోయారు.

ఖమ్మంలో ఆపరేషన్ చేసి స్క్రూ వేశారు. నాలుగు నెలలకు మళ్లీ నొప్పి. ఎముకకు రక్తం అందడం లేదని, ఏవీఎన్ అని చెప్పారు. ఎముక కుంగి ఆ కాలు కురచైంది.

ఇప్పుడు కుంటుతూ బడికి వెళ్తోంది. పరుగు ఇక లేదు. ఫిజియోథెరపిస్టు కూర్చుని చేసే ఎక్సర్‌సైజులు నేర్పారు, నిమిషం వేగంగా, రెండు నిమిషాలు విశ్రాంతి. టైం తనే చూసుకుంటుంది. ఆ ఫోన్ నన్ను ముట్టుకోనివ్వదు.

మొన్న దాని సల్వార్ కుడుతూ కుడికాలు అరంగుళం ఎక్కువ మడిచాను. పక్కనే కూర్చుని చూస్తోంది.

"అమ్మా, నేనప్పుడు అబద్ధం చెప్పలే" అంది.

"ఎరికే బిడ్డా" అన్నాను. మిషన్ తొక్కలేకపోయాను.

బరువున్న పిల్లలు మోకాలు నొప్పి అంటే సాకు అనుకోకండి. ఆ రోజే పరుగు ఆపించి డాక్టర్ దగ్గరికి తీసుకెళ్లండి, తుంటి కూడా చూడమని అడగండి. ఇప్పనూనె తర్వాతైనా రాయొచ్చు.