పసుపు డబ్బాలోని బిళ్ళ

గిటార్ కొనడానికి వచ్చినవాళ్ళు దాన్ని అటు తిప్పి ఇటు తిప్పి చూస్తారు. తీగలు ఎన్నాళ్ళు మన్నుతాయని అడుగుతారు. సంచీ జిప్పు మూడుసార్లు లాగి చూసుకుంటారు. అన్నీ అయ్యాక గుమ్మం దాకా వెళ్ళి, వెనక్కి తిరిగి, "ఒక పిక్ కూడా పడేయండి" అంటారు. తీగకు తగిలేది వేళ్ళ మధ్య పట్టుకుని మీటే ఆ చిన్న ముక్కే అన్న సంగతి వాళ్ళకు తట్టదు. ఆ "పడేయండి" అన్న మాట వింటే బిళ్ళలమ్మకు అరికాలి మంట నెత్తికెక్కుతుంది.

కొనేవాళ్ళు పిక్ అంటారుగానీ షాపులో అందరూ బిళ్ళ అనే అంటారు. వాటిని అమ్మేది ఆవిడ కాబట్టి ఆవిడ బిళ్ళలమ్మ అయింది. వయసు నలభై తొమ్మిది. వాద్యాల షాపులో చివరి కౌంటరు ఆవిడది. అద్దం కింద ముప్ఫై రెండు అరలు, ఒక్కో అరలో ఒక్కో రకం బిళ్ళ. ఆవిడ దగ్గర ఎవరూ బిళ్ళ ఊరికే తీసుకుపోలేరు. "ఎక్కడ వాయిస్తావు? ఇంట్లోనా, పదిమందిలోనా? వేళ్ళకు చెమట పడుతుందా?" అని అడుగుతుంది. నాలుగు రకాలు తీసి ఒక్కొక్కటీ కౌంటరు అద్దం మీద జారవిడుస్తుంది. పల్చటిది టప్‌మని పడుతుంది, మందమైనది టంగుమంటుంది. "ఆ చప్పుడే తీగ మీదా వస్తుంది. చెవి పెట్టి వినూ" అంటుంది. సెల్యులాయిడ్ తీయగా పలుకుతుందిగానీ సబ్బుబిళ్ళలా అరిగిపోతుందనీ, నైలాన్ అంత తేలిగ్గా అరగదుగానీ వంగి వంగి ఒకరోజు అంచు చీలుతుందనీ, నున్నటిది జారుతుంది కాబట్టి చెమట చేతివాళ్ళు గరుకుది కొనాలనీ చెబుతుంది. ఓపిక లేనివాళ్ళు మధ్యలోనే వెళ్ళిపోతారు. పోతే పోనీ అంటుంది.

పాత కస్టమరైతే ముందు అరిగిన బిళ్ళ చూపించమంటుంది. ఒకవైపే అరిగితే చెయ్యి వాలుగా పడుతోందన్నమాట. మొన కొట్టుకుపోతే లోతుగా గుచ్చుతున్నాడన్నమాట. మనిషి అబద్ధమాడినా బిళ్ళ ఆడదని ఆవిడ నమ్మకం. ఆ నమ్మకం ఊరికే రాలేదు.

ఇరవై రెండేళ్ళ వయసులో ఆవిడ చేతిలోనూ గిటార్ ఉండేది. అక్క మొగుడు, అంటే బావ, ఒక పెద్ద హోటల్లో వాయించే బ్యాండుకి లీడరు. మరదలు బాగా వాయిస్తుందని తనే పిలిచి రెండో గిటార్ ఇచ్చాడు. మొదటి నెల్లోనే భోజనాలు చేస్తున్నవాళ్ళు చెంచాలు కింద పెట్టి, వాయిస్తున్నది ఎవరా అని వేదిక వైపు చూశారు. హోటల్ మేనేజరు వచ్చి ఆ అమ్మాయితో మాట్లాడి వెళ్ళాడు. పక్కనే నిలబడ్డ లీడరు నవ్వుతూనే ఉన్నాడు.

ఆ మర్నాడే బ్యాండులో కొత్త పద్ధతి మొదలైంది. "అందరి సౌండూ ఒకేలా ఉండాలి. ఇకనుంచి బిళ్ళలు నేనే ఇస్తాను" అన్నాడు బావ. కార్యక్రమానికి ముందు చొక్కా జేబులోంచి తీసి ఒక్కొక్కరి చేతిలో పెట్టేవాడు. ఎవరికీ అందులో తప్పేం కనిపించలేదు. బిళ్ళని పట్టించుకునేదెవరు కనక?

మరదలికిచ్చింది పసుపుపచ్చ బిళ్ళ. ఇంట్లో మీటితే గలగలమనేది. బావే మెచ్చుకునేవాడు, "ఎంత తీపిగా ఉందో చూడు" అని. వేదికెక్కాక మాత్రం డ్రమ్ముల మధ్య ఆమె గిటార్ ఎక్కడుందో ఆమెకే వినపడేది కాదు. ఇంకా గట్టిగా కొట్టేది. బిళ్ళ వంగేది, చేయి నొప్పెట్టేది, శబ్దం మాత్రం వచ్చేది కాదు. తీగలు మార్చింది. పొద్దున్నే లేచి నాలుగేసి గంటలు సాధన చేసింది. ఒకరోజు ఉండబట్టలేక, గిటార్లోనే ఏదో లోపం ఉందేమో బావా అంది. బ్యాండు మొత్తం అక్కడే ఉంది. "ఆడలేక మద్దెల ఓడు అన్నదట వెనకటికెవరో. లోపం గిటార్‌ది కాదమ్మా. నీ చేతిలోనే జీవం లేదు" అన్నాడు. అందరూ నవ్వారు. మూడేళ్ళు అలా లాగి, ఆమె తనంతట తనే మానేసింది. గిటార్ అమ్మేసింది. తర్వాత పదిహేనేళ్ళు బట్టల షాపులో గుండీలూ జిప్పులూ అమ్మింది. ఎవరైనా గిటార్ వాయిస్తుంటే లేచి పక్కగదిలోకి పోయేది. తన చేతిలో జీవం లేదని ఆమెకంత నమ్మకం కుదిరిపోయింది.

బట్టల షాపు మూతపడ్డాక ఈ వాద్యాల షాపులో చేరింది. మొదటి వారమే షాపు యజమాని ఒక సొరుగు ఆవిడ ముందు బోర్లించాడు. అన్నీ కలిసిపోయిన బిళ్ళలు. మందం కొలిచే పనిముట్టు చేతికిచ్చి, రకాలవారీగా వేరు చేయమన్నాడు. వేరు చేస్తుంటే చేతికి పసుపుపచ్చది తగిలింది. కొలిచి చూస్తే అర మిల్లీమీటరు కూడా లేదు.

"ఇది ఎవరు కొంటారండీ?" అని అడిగింది.

"గదిలో కూర్చుని తనలో తాను పాడుకునేవాళ్ళకి బాగుంటుంది. డ్రమ్ముల మధ్య పనికిరాదు. బ్యాండువాళ్ళకి దీన్ని ఇచ్చామంటే మనల్ని తిట్టుకుంటారు" అన్నాడాయన తల ఎత్తకుండానే.

ఆ సాయంత్రం ఆవిడ నేరుగా అక్క ఇంటికి వెళ్ళింది. మాటల్లో మాటగా అడిగింది. పాపం, అక్కకు కల్లాకపటం తెలియదు. "అవునే, బిళ్ళలు నేనే తెచ్చేదాన్ని కదా. నల్ల డబ్బా అందరికీ, పసుపు డబ్బా నీకూ. చెల్లికి విడిగా ఆ రకమే తెమ్మని మీ బావే రాసిచ్చేవారు. నీకు ప్రత్యేకంగా తెప్పిస్తున్నారని నేనెంత మురిసిపోయేదాన్నో" అంది.

ఇంటికొచ్చి పాత పెట్టె అడుగునుంచి ఒక రేకు డబ్బా తీసింది. బ్యాండులో వాడిన ఆఖరి పసుపు బిళ్ళ అందులో ఉంది. వారం రోజులు వాడింది. మొన సగానికి సగం అరిగిపోయి ఉంది. జీవం లేని చెయ్యి వారంలో బిళ్ళని ఇంత అరగదీస్తుందా? ఆవిడ ఏడవలేదు. పళ్ళు నూరుకుంది. ఇన్నేళ్ళు తన చేతిని తానే తిట్టుకున్నందుకు ముందు తనమీదే కోపం వచ్చింది. తర్వాత ఆ కోపమంతా వెళ్ళవలసిన చోటికే వెళ్ళింది.

వెళ్ళి అడిగేస్తే ఏమవుతుందో ఆవిడకు తెలుసు. పిచ్చిదానా, నీకు మంచిదనే ఇచ్చాను, పల్చటిదని నాకేం తెలుసు అంటాడు. అక్క కూడా ఔనంటుంది. అందుకే ఆ పల్చటి బిళ్ళ సంగతి ఆయన నోటితోనే రావాలనుకుంది. నీ చెయ్యి మంచిదే అన్న మాటా ఆ నోటినుంచే రావాలి. అరిగిన పసుపు బిళ్ళ ఉన్న రేకు డబ్బాని కౌంటరు కిందే పెట్టుకుంది. అక్కతో కబుర్లాడినప్పుడల్లా, "బావకి బిళ్ళలు కావాలంటే మా షాపుకే పంపించు" అనేది. అలా తొమ్మిదేళ్ళు కాచుక్కూర్చుంది. పగబట్టినవాళ్ళకు నిద్రపట్టదంటారుగానీ, ఆవిడ శుభ్రంగా నిద్రపోయేది.

పోయిన సోమవారం మధ్యాహ్నం బావ వచ్చాడు. మణికట్టు నొప్పని గిటార్ పెట్టె అక్క మోసుకొచ్చింది. హోటల్‌కి కొత్త యజమానులొచ్చారట. గురువారం నాలుగింటికి ఒక్కొక్కరినీ విడిగా వాయించమని అడిగి, ఎవర్ని ఉంచాలో తేలుస్తారట.

"ఈ మధ్య సౌండు సరిగ్గా రావట్లేదమ్మా. బిళ్ళలు నాసిరకం అయిపోయాయి. మంచిదొకటి చూడు" అన్నాడు.

"ఇప్పుడు వాడుతున్నది ఇలా ఇవ్వండి బావా."

ఇచ్చాడు. నల్లది, మందమైనది. దానిమీద బంగారు రంగు అక్షరాలు ఒక్కటి కూడా చెరగలేదు. మొన ఫ్యాక్టరీలోంచి వచ్చినట్టే ఉంది.

"ఎన్నాళ్ళనుంచి వాడుతున్నారు?"

"ఏడాది పైనే. గట్టి సరుకు."

అది సెల్యులాయిడ్. రోజూ వాయించేవాడి చేతిలో నెల తిరక్కుండా మొన గుండ్రమైపోయే రకం. అంటే ఏడాదిగా ఆయన చెయ్యి తీగల మీద ఊరికే ఊగుతోంది. వినపడేదంతా పక్కన కూర్చునే రెండో గిటార్ వాడిది. ఆడలేక మద్దెల ఓడు అన్న మాట బిళ్ళలమ్మ నాలుక చివరిదాకా వచ్చింది. దాన్ని అక్కడే ఆపి, ఒక అరలోంచి పసుపుపచ్చ బిళ్ళ తీసి అద్దం మీద వేసింది. టప్‌మని పడింది.

అవతల తీగలు బిగిస్తున్న షాపు యజమాని తలెత్తి చూశాడు. బిళ్ళలమ్మ ఆ రకాన్ని బ్యాండువాళ్ళకి ఇవ్వడం ఆయనెప్పుడూ చూడలేదు. ఏదో అనబోయి, ఆవిడ మొహం చూసి మళ్ళీ తీగల పనిలో పడ్డాడు.

"నొప్పి చేతికి తేలిగ్గా ఉంటుంది, వాయించి చూడండి" అంది.

బావ గిటార్ తీసి మీటాడు. గదంతా గలగలమంది.

"ఎంత బాగుందండీ. ఇదే తీసుకోండి" అంది అక్క.

బావ నవ్వాడు. ఎంతైనా నలభై ఏళ్ళుగా వాయిస్తున్న మనిషి, తన విద్య గురించి మాట్లాడే అవకాశం వస్తే వదులుకుంటాడా? "మీకు తెలియదు. ఇది గదిలోనే ఇలా మోగుతుంది. పెద్ద హాల్లో, డ్రమ్ముల మధ్య దీన్ని పెట్టి ఎంత కొట్టినా పక్కవాడిక్కూడా వినపడదు. చెయ్యి పడిపోవాల్సిందే. తెలిసినవాడెవడూ దీన్ని స్టేజీ మీద ముట్టుకోడు. ఏమ్మా, ఇన్నాళ్ళనుంచి ఇక్కడ పనిచేస్తున్నావు, ఈమాత్రం తెలియదా?"

అక్క బిళ్ళని చేతిలోకి తీసుకుని దగ్గరగా పెట్టి చూసింది.

"ఇది మీరు చెల్లికి తెప్పించిన రకమే కదండీ? పసుపు డబ్బాది?"

గుమ్మడికాయల దొంగంటే భుజాలు తడుముకున్నట్టు, బావ కళ్ళజోడు కోసం జేబులు తడుముకోవడం మొదలుపెట్టాడు. కళ్ళజోడు జేబులో లేదు, మొహం మీదే ఉంది.

"మూడేళ్ళు బావా. తెలిసినవాడెవడూ ముట్టుకోడని మీరే అన్నారు. మరి నా చేతిలో ఎందుకు పెట్టారు?"

"ఎప్పటి సంగతో ఇప్పుడెందుకు తవ్వుతావు? నాకేం గుర్తుంటుంది?"

"డబ్బా రంగు అక్కకే గుర్తుంది. మీకు లేదా?"

ఆయన గిటార్ పెట్టెలో పెట్టబోతే, ఆగండి అంది బిళ్ళలమ్మ. తొమ్మిదేళ్ళుగా ఆవిడ ఎన్నో అనుకుంది. చీలిక ఉన్న బిళ్ళ ఇద్దామనుకుంది, నున్నటిదిచ్చి చేతిలోంచి జారేలా చేద్దామనుకుంది. ఆ ఏడాదినాటి నల్ల బిళ్ళని చూశాక అవేవీ అక్కర్లేదని అర్థమైంది. అసలైన శిక్ష మంచి బిళ్ళే. కింది వరసలోంచి ఒకటి తీసింది. పెద్దది, నొప్పి వేళ్ళకు పట్టు దొరికేలా గరుకుగా ఉన్నది, మందం ఒకటిన్నర మిల్లీమీటరు, మొన గుండ్రన. అద్దం మీద వేస్తే టంగుమంది.

"ఈ ముప్ఫై రెండు రకాల్లో మీ చేతికి ఇంతకన్నా మంచిది లేదు. ఇందులో మోసం లేదు, కావాలంటే ఆయన్నడగండి" అంది. షాపు యజమాని ఔనని తలూపాడు. "ఇది పెట్టుకుని వాయించండి. అప్పటికీ సౌండు రాకపోతే లోపం బిళ్ళది కాదు, గిటార్‌ది కాదు. ఇక మిగిలేది ఏమిటో మీరే నాకు నేర్పారు."

ఆయన ఆ బిళ్ళని తీసుకుని, పెట్టె భార్య చేతికివ్వకుండా తనే మోసుకుంటూ వెళ్ళాడు.

గురువారం నాలుగింటికి బిళ్ళలమ్మ గోడ గడియారం చూసింది. చూడలేదని అబద్ధం చెప్పడం నాకిష్టం లేదు. పదిసార్లు చూసింది. బావ వెళ్ళనేలేదని తర్వాత తెలిసింది. మణికట్టు బాగాలేదని కబురు పెట్టాడట. ఆ కుర్చీ రెండో గిటార్ అతనికిచ్చారు.

శనివారం అక్క ఒక్కతే వచ్చింది. కళ్ళు వాచి ఉన్నాయి. కౌంటరు మీద ఒక కాగితం పొట్లం పెట్టింది.

"వాపసిచ్చేయమన్నారు. వాడలేదట."

బిళ్ళలమ్మ విప్పి, వెలుతురులో పెట్టి అంచు చూసింది. ఒక్క గీత లేదు. ఇంట్లో తలుపులు వేసుకుని కూడా ఆయన ఒక్క తీగ మీటి చూసుకోలేదు.

"ఇంకో మాట చెప్పమన్నారే. చెల్లి చెయ్యి మంచిదేనని చెప్పు అన్నారు." అక్క పొట్లం కాగితాన్ని మడతపెట్టింది. "ఆ డబ్బాలు తెచ్చింది నేనే కదే. నన్ను కూడా తిట్టు."

"నిన్నెందుకు తిడతానే" అంటూ చెల్లెలు అక్క చెయ్యి పట్టుకుంది. ఆ చెయ్యి చల్లగా ఉంది. ఇక్కడ ఆవిడ బావని క్షమించేసిందని రాస్తే వినేవాళ్ళకు హాయిగా ఉంటుంది. క్షమించలేదు.

"నా చేతిలో జీవం లేదని నలుగురి ముందు అన్నాడక్కా. ఆ నలుగురూ నవ్వారు. ఇప్పుడేమో మంచిదని పొట్లం కట్టి నీతో పంపిస్తాడా? ఆ నలుగుర్నీ పిలిచి వాళ్ళ ముందు అనమను."

"వాళ్ళంతా ఎక్కడెక్కడున్నారో. ఆయన ఎప్పటికి అంటారే?"

బిళ్ళలమ్మ రేకు డబ్బా తీసి, సగం అరిగిన పసుపు బిళ్ళ పక్కన ఆ కొత్తదాన్ని పెట్టి మూత వేసింది.

"నాకేం తొందర లేదని చెప్పు. ఈ రకం అంత తొందరగా అరగదు."