ఇంగెలిసె ప్రింటు తియ్యని ఫొటో

ఇంగెలిసెకి అరవై దాటాయి. లిమ్‌ఫ్యోర్డ్ సముద్రపాయ ఒడ్డున మా ఊళ్ళలో ఏ వేడుక జరిగినా ఫొటోలు తీసి, అక్కడికక్కడే ప్రింట్లు చేతిలో పెట్టడం ఆమె పని. అందరి జేబుల్లోనూ ఫోన్లున్నాయి. అయినా కాఫీ చల్లారేలోపు కాగితం మీద తమ మొహం కనబడితే జనానికి ఇప్పటికీ సరదాయే. ఆమెకే ఆ సరదా పోయింది. మోకాళ్ళు మాట వినవు. వ్యానులో ప్రింటరు చల్లబడితే బొమ్మలు పాలిపోయి వస్తాయని, పక్కన వేడినీళ్ళ సంచీ పెట్టి దుప్పటి కప్పుతుంది. "మా ఆయనకి కూడా ఇంత సేవ చెయ్యలేదు" అంటుంది.

మే నెలలో ఒక శనివారం టోర్బెన్, లిస్బెత్‌ల పాతికేళ్ళ పెళ్ళిరోజు. ముందు సాయంత్రమే ఇరుగుపొరుగు కలిసి వాళ్ళ గుమ్మానికి స్ప్రూస్ చెట్టు కొమ్మల తోరణం కట్టేశారు. తెల్లారగానే బాకా ఊది, పాటలు పాడి నిద్ర లేపాలి. వాళ్ళు ఏమీ తెలియనట్టు నైట్ గౌన్లలో బయటికి రావాలి. మీకిష్టమేనా అని దంపతుల్ని అడిగే ఆచారం లేదు. ఇంగెలిసెని పిలిచింది కూడా పక్కింటాయన ఏగన్.

ప్రింటరుకి కరెంటు కోసం ఆమె కాస్త ముందే వెళ్ళి దంపతుల వంటింటి తలుపు తట్టింది. నిద్రపోతున్నట్టు నటించాల్సిన లిస్బెత్ కాఫీ తాగుతోంది.

"ఇంగెలిసె, రాత్రి టోర్బెన్‌కి చెప్పేశాను. ఆగస్టులో నేను అతన్ని వదిలి వెళ్ళిపోతున్నాను."

"నాకెందుకు చెప్తున్నావు?"

"మా మొహాలు అందరికంటే ముందు చూసేది నువ్వే. తోరణం కట్టి సంబరపడుతున్నారు పాపం. ఈ ఒక్క పూట వాళ్ళకి తెలియకూడదు."

ఇంగెలిసె ప్లగ్గు వెతుక్కుంది.

పాటలయ్యాయి. దంపతులు కళ్ళు నులుముకుంటూ వచ్చారు, అందరూ నవ్వారు. చేదు మద్యం పోసిన చిన్న గ్లాసులు చెంచాలతో మోగించడం మొదలైంది. అలా మోగితే ముద్దు పెట్టుకోవాల్సిందే. పెట్టుకున్నారు. ఇంగెలిసె కెమెరా తెర చూసుకుంది. టోర్బెన్ కళ్ళు మూసుకుని భార్య గౌను చెయ్యి గుప్పెట్లో పట్టుకున్నాడు. లిస్బెత్ అతని భుజం మీదుగా వీధి చివరికి చూస్తోంది. చూసినవాళ్ళకి ఇంకేమీ చెప్పక్కర్లేదు.

గరాజులో బల్ల చుట్టూ జనం. పసుపు, ఎరుపు, నీలం రంగులు ఒకదాని మీదొకటి పడుతూ ప్రింట్లు బయటికొస్తున్నాయి. ముద్దు ఫొటో మాత్రం రావడం లేదు.

"అసలుది ఏది తల్లీ?" అన్నాడు ఏగన్. "దానికోసమేగా నిన్ను పిలిచింది."

"మసకగా వచ్చింది. చెయ్యి వణికింది."

"మీ మెషీనుకి వేడినీళ్ళ సంచీ, మీ చేతికి లేదా?" అన్నారెవరో. అంతా నవ్వారు. ఏగన్ నవ్వలేదు.

"చెయ్యి వణికితే ఎలా? వచ్చే నెల మా మనవరాలి వేడుక ఉంది. దానికి వేరేవాళ్ళని చూసుకుంటాంలే."

"చూసుకో" అంది ఇంగెలిసె. ఇంతకాలంలో ఆమె చెయ్యి వణికిందని ఎవరూ అనలేదు. ఇక నెలాఖరుకల్లా అన్ని ఊళ్ళలోనూ అంటారు.

జనం రొట్టెలకోసం లోపలికి వెళ్ళాక ఆమె పెట్టెలు సర్దుతుంటే టోర్బెన్ వచ్చాడు.

"నిజంగా మసకా?"

"కాదు."

తెర చూపించింది. అతను కళ్ళజోడు సరిచేసుకుని చాలాసేపు చూశాడు.

"ఈయనెవరో పాపం, గట్టిగానే పట్టుకున్నాడు" అన్నాడు. "ఏగన్‌కి చూపించావా?"

"ఎవరికీ చూపించలేదు."

"చెరిపెయ్."

చెరిపేసింది. లోపల మళ్ళీ గ్లాసులు మోగాయి, అతని పేరు పెట్టి పిలిచారు. టోర్బెన్ గౌను ముడి బిగించుకుని, "వస్తున్నా" అని వెళ్ళాడు. ప్రింటరు ఎత్తడానికి ఓపిక లేక ఇంగెలిసె వ్యాను మెట్టు మీదే కూర్చుండిపోయింది.