గుడ్ల గంపలో బండి చీల

వంటింటి గట్టు మీద, అట్టలో, గుడ్లు వరసగా కూర్చుని ఉంటాయి. అన్నీ ఒకే తెలుపు, ఒకే కొలత. ఏది ఏ కోడి పెట్టిందో అడిగినా చెప్పేవారు లేరు. పొద్దున్నే వాటిని ఉడకబెట్టడానికి కోడలు గిన్నెలో నీళ్లు పెడుతుంది. నీళ్లు కాగి, ఆ ఆవిరిలో గుడ్డు పెంకు తడిసిన పచ్చి వాసన లేచేసరికి నేను ఎక్కడున్నా లేచి వచ్చి, అట్టలోంచి ఒక గుడ్డు తీసుకుని, గుప్పిట్లో నిలబెట్టి కిటికీ వెలుతురుకు ఎత్తి చూస్తాను. "దాంట్లో ఏం కనిపిస్తుందత్తమ్మా?" అని కోడలు నవ్వుతుంది. ఏమీ కనిపించదు. కనిపించదని తెలిసే చూస్తాను. ఈ చూపు నాది కాదు, మా అవ్వది. ఎమ్మిగనూరులో మా పెరట్లో కొంగు నడుముకు చుట్టి నిలబడి, గుడ్డు మొదలుకొని మనిషి దాకా దేన్నయినా వెలుతురుకు పట్టి చూడందే నమ్మని మనిషి ఆమె, మా నాయన తల్లి.

అవి యుద్ధం రోజులు. ఆదోని తాలూకా అప్పటికి బళ్లారి జిల్లాలో ఉండేది. కిరసనాయిలుకూ గుడ్డకూ కంట్రోలు. అవ్వకు కంట్రోలు అంగడివాడి కొలపాత్ర మీద అనుమానం, పాలలో నీళ్ల మీద అనుమానం, పొద్దున్నే నిప్పు అడగడానికి వచ్చిన పక్కింటామె పొయ్యి వైపు కాక కోళ్ల గంపల వైపు చూసిందేమోనని ఇంకా పెద్ద అనుమానం. కోళ్లను గూట్లోంచి వదిలేటప్పుడు ఒక్కొక్కదాన్నీ పట్టుకుని, వేలు పెట్టి చూసి, ఈ రోజు గుడ్డు పెట్టేదేదో తేల్చుకున్నాకే వదిలేది. సాయంత్రానికి ఆ గుడ్డు కనబడకపోతే ఇంట్లో ఎవరికీ ముద్ద దిగేది కాదు.

అవి మామూలు కోళ్లు కావు మరి. మా తాత తండ్రి ఎప్పుడో తుంగభద్ర అవతలి నుంచి పత్తిగింజల బస్తాల నడుమ దాచి తెచ్చిన జాతి కోళ్లు. ఎండిన మిరపకాయ ఎరుపు, పొడుగు మెడ, తెల్లటి కళ్లు, పసుపుపచ్చ కాళ్లు, వాటి గోళ్లన్నీ నలుపు, వెనక వేలి గోరు ఒక్కటి మాత్రం తెలుపు. ఆ తెల్లగోరు మా ఇంటి గుర్తు. తాత ఆదోని పత్తి శెట్లకు బండి తోలేవాడు. రాత్రంతా బండి తోలి వచ్చినా, కాళ్లు కూడా కడుక్కోకుండా పెరట్లోకి వెళ్లి, కోళ్ల ముందు గొంతుక్కూర్చుని, గుప్పెడు సజ్జలు చల్లి, అవి మెడలు సాచి తింటుంటే చూస్తూ ఉండిపోయేవాడు. మాకు ఉగాది ఓలిగలు, పీర్ల పండగ మలీద, తేరు పండగప్పుడు వేడివేడి ఉగ్గాని ఎట్లాగో, ఆయనకు ఆ కాసేపు అట్లాగ.

జాతి కోళ్లున్న ఇళ్లకు ఒక కట్టుబాటు ఉండేది. పుంజును అడిగినవాళ్లకు ఇస్తారు, పెట్టను గడప దాటనివ్వరు. పెట్ట పోతే జాతి పోయినట్టే. మరి కూరకని ఎవరైనా గుడ్లు అడిగితే? లేవంటే మర్యాద కాదు. దానికి అవ్వ దగ్గర ఉపాయం ఉండేది. గుడ్లను లోపలికి తీసుకుపోయి, కాగే నీళ్లలో కాసేపు ముంచి, కొంగుతో తుడిచి, నవ్వుతూ తెచ్చి ఇచ్చేది. చూడ్డానికి పచ్చి గుడ్డే. కూరకు పనికొస్తుంది, పొదగేస్తే పిల్ల మాత్రం లేవదు. ఊళ్లో ఎంతమంది మా గుడ్లను దొంగచాటుగా పొదగేసి, చివరికి మురిగిన గుడ్లను దిబ్బలో పారేశారో! అవ్వ ఆ దిబ్బల వైపు వెళ్లి పెంకులు చూసి మరీ మురిసిపోయేది.

మా కళ్లంలో, పెరట్లో పని చేసే మరియమ్మ అనే ఆమె ఉండేది. కలుపు తీసినా, కల్లాపి చల్లినా తలెత్తని మనిషి. ఒకనాడు ఆమె ఒడి బరువుగా ఉండటం అవ్వ కంటపడింది. గంపలో చూస్తే పొదగేసిన గుడ్లు తగ్గాయి; అప్పటికే ఆమె వీధిలోకి దిగి నడుస్తోంది. ఇంకేముంది, వీధి అంతా వినేలా దొంగా అని తిట్టింది. మరియమ్మ ఒక్క మాట మాట్లాడకుండా కొంగు అడ్డం పెట్టుకుని వెళ్లిపోయింది. తరువాత నందవరం దగ్గర వాళ్ల అక్క ఊరు చేరిందని విన్నాము. తాత ఆ వేళ అరుగు మీదే కూర్చుని బండి పగ్గాలు పేనుకుంటున్నాడు. తల తిప్పలేదు. ఆ వారంలోనే చక్రం జారకుండా ఇరుసు కొసన పెట్టే ఇనుప చీల ఒకటి, తల మెలితిరిగినది, ఆయన తండ్రి నాటిది, పోయిందన్నాడు. అవ్వ అది కమ్మరి పనేనని తేల్చేసి, ఆనాటి నుంచి ఆ కమ్మరి కొలిమి ముందు నుంచి పోయేటప్పుడల్లా గొంతు సవరించుకునేది.

ఆ చలికాలం తాత పోయాడు. మరు వేసవిలో కొక్కెర తెగులు వచ్చింది. పొద్దున తిరిగిన కోడి సాయంత్రానికి మెడ వాల్చి ఆకుపచ్చగా పారుకుని పడిపోయేది. అమ్మ వేపాకు పొగ వేసింది, అవ్వ పసుపూ ఉల్లిపాయా నూరి నోట్లో పోసింది. ఏమీ ఆగలేదు. జాతి పెట్టలన్నీ పోయాయి. మిగిలిందల్లా నాలుగైదు నాటు పెట్టలు, తాత ముద్దుగా పెంచిన ముసలి పుంజు. అది గోడెక్కి కూసేది కానీ, కూత చివర దగ్గు వచ్చేది. అది పోయేలోగా తెల్లగోరు పెట్ట ఒకటి దొరకాలి, లేకపోతే తాత చేతిది ఈ లోకంలో ఇంకేమీ మిగలదు. అవ్వ ఏడవలేదు. గంప చంకన పెట్టుకుని, నన్ను వెంటబెట్టుకుని పెట్ట కోసం బయలుదేరింది.

ఎమ్మిగనూరు తేరు పండగ సంతలో మొదలుపెట్టాము. మగ్గాల వీధి దాటితే పశువుల దుమ్ము, చెరుకుగడల గుట్టలు, మిరపకాయ బజ్జీల నూనె పొగ. ఒకాయన పసుపుపచ్చ కాళ్ల పెట్టను చూపించి ఇది ఖరా జాతి, కల్తీ లేదు అన్నాడు. అవ్వ కొంగు కొస తడిపి కోడి కాలిని రుద్దింది. కొంగంతా పసుపు. "పెండ్లికూతురికి పూసినావా ఏమప్పా ఇది?" అంది. ఆదోనికి నాయన బండిలో పోయాము. కొండ కింద, దూది పీచు గాలిలో ఎగిరే ఆ బజారులో ఒక సాయిబు, "అసలీ మాలు అవ్వా, కసం!" అని ఒట్టు వేస్తూ పెట్టను ఆమె ఒళ్లోనే కూర్చోబెట్టాడు. జాతి పెట్టకు తల మీద ఉండేంత పొట్టి ఎర్ర జుట్టే దానికీ ఉంది. అవ్వ ఆ జుట్టును బొటనవేలితో తడిమింది. కత్తెరతో కోసిన పక్కు చేతికి తగిలింది. పెట్టను తిరిగి ఆయన ఒళ్లోనే కూర్చోబెట్టింది.

హాలహర్విలో నిజమైన జాతి కోళ్లు కనబడ్డాయి. తెల్లగోరు లేదు గానీ మెడ, కన్ను, నడక అన్నీ సరే. "పెట్టనిచ్చేది ఇల్లమ్మా, లేదు. గుడ్లయితే తీసుకపో" అన్నాడు వాటి యజమాని, లోపలికి వెళ్లి, తుడిచిన గుడ్లు నవ్వుతూ తెచ్చి. అవ్వ వాటిని ఎండకు పట్టింది, వాసన చూసింది, చెవి దగ్గర ఊపింది. వేన్నీళ్లు పడ్డ గుడ్డు ఏ పరీక్షకూ దొరకదని ఆమె కంటే తెలిసినవారు ఎవరు? అయినా వేరే దారి లేక ఊక పోసిన బుట్టలో పెట్టుకుని తెచ్చింది. నాటు పెట్ట కింద పొదగేసింది. గడువు దాటినా పెంకు చిట్లలేదు. ఒకటి పగలగొడితే వచ్చిన కంపుకు పెరడంతా ఖాళీ అయింది. అవ్వ దిబ్బ దగ్గర చాలాసేపు నిలబడింది. ఆ రోజు ఆమెను చూస్తే నాకు జాలి, దాని వెనకే కొంచెం నవ్వు కూడా వచ్చాయి.

తరువాత కొన్నాళ్లకు నాయన నందవరం నుంచి బండి తోలుకుని వస్తూ ఒక గుడిసె ముందు తెల్లగోరు పెట్టను చూశానని చెప్పాడు. మర్నాడు ఎండ ఎక్కకముందే నేనూ అవ్వా ఆ గుడిసె ముందు ఉన్నాము. చేటలో సజ్జలు చెరుగుతూ కూర్చున్న మనిషి మరియమ్మ. పక్కనే మట్టిలో పొర్లుతున్నది, ఎండుమిరప ఎరుపు, తెల్లటి కన్ను.

"ఈ పెట్ట నీకు యాడిదే?" అంది అవ్వ.

"మీ ఇంటిదేనమ్మా," అంది మరియమ్మ, చెరగడం ఆపకుండానే.

అవ్వ నా వైపు తిరిగింది. "సూసినావామ్మే! నేను ఆపొద్దే సెప్పలే? ఇంట్లో ఒక్కరన్నా నమ్మినారా?"

"నేను తీసుకోలేదమ్మా. మీ ఆయప్పే ఇచ్చినాడు."

"సచ్చినోళ్ల మీద సెప్తే ఎవురు అడగొస్తార్లే."

మరియమ్మ చేట కింద పెట్టి గుడిసెలోకి వెళ్లింది. ఉరుము ఉరిమితే గుడ్డులోనే పిల్ల చచ్చిపోతుందని, పొదిగే గంపలో ఇనుప ముక్క వేసేవాళ్లు మా వైపు. ఆమె గంపలోంచి అటువంటి ఇనుమే తెచ్చి అవ్వ చేతిలో పెట్టింది. తల మెలితిరిగిన బండి చీల.

"గుడ్లు నా ఒళ్లో పోసి, ఇది గూడా ఇచ్చినాడు. ఒక్క ఇంట్లోనే ఉంటే ఒక్క తెగులుతో పోతాదే, యాడన్నా ఒక సోట ఉండనీ అన్యాడు. ఇంట్లో సెప్పొద్దని ఒట్టు పెట్టించుకున్యాడు." ఆగి, మళ్లీ అంది: "నువ్వు తిడ్తాంటే మాత్రం ఆయప్ప నా పక్క సూడలేదమ్మా."

గుడ్లను దొంగిలించేవాళ్లు ఉంటారు. తిరిగే బండికి ఉన్న చీలను ఊడబెరికి, గుడ్లతో పాటు తీసుకుపోయే దొంగ ఉండడు. అవ్వ చీలను అటు తిప్పి ఇటు తిప్పి చూసింది. ఎండకు కూడా పట్టింది. అనుమానించడానికి అందులో ఏమీ దొరకలేదు. క్షమించమని అడగడం ఆమెకు రాదు, అడగలేదు. మరియమ్మ సజ్జలు చెరిగే చోటే కింద కూర్చుని, చేట తన ఒళ్లోకి లాక్కుని మిగిలినవి చెరిగిపెట్టింది. మా ఇంట్లో పని చేసిన మనిషి ముందు మా అవ్వ అట్లా కూర్చోవడం నేను అంతకు ముందెప్పుడూ చూడలేదు. లేచేటప్పుడు మరియమ్మ పెట్ట కాళ్లకు చీర పేలిక కట్టి గంపలో పెట్టింది. చీల కూడా అందులో వేసింది. "పాలుకు తీసుకపో అమ్మా, పిల్లలు లేస్తే సగం నాకు పంపు," అంది.

దారి పొడుగునా అవ్వ గంపలోకి తొంగి చూసుకుంటూనే నడిచింది. ఊరు కనిపించే చోట గంప దించి, "ఆయప్పకు నా మీద గూడా నమ్మకం లేకపాయనే," అంది. తాత మీద నాకు ఆ వేళ కోపం వచ్చింది. ఒక ఆడమనిషి దొంగ అనిపించుకుంటుంటే పగ్గాలు పేనుకుంటూ కూర్చున్నందుకు ఆ కోపం ఇంకా పూర్తిగా పోలేదు.

ఇంటికి రాగానే, కొత్త కోడి ఇల్లు విడిచి పోకుండా అవ్వ దాన్ని పొయ్యి చుట్టూ తిప్పింది. ముసలి పుంజు ఆ వానాకాలం దాకా నిలిచింది. పిల్లలు లేచాక, మంచివి ఏరి అవ్వ మరియమ్మకు తానే నడిచి వెళ్లి ఇచ్చి వచ్చింది. ఆ తరువాత పక్కింటామె కూరకని గుడ్లు అడిగితే, అలవాటు కొద్దీ పొయ్యి మీద నీళ్లు పెట్టి, కాసేపు వాటినే చూసి, దించేసింది. పచ్చి గుడ్లే తెచ్చి ఇచ్చింది. "పొదగెయ్. వండుకొని తింటివా, నేను వచ్చి పెంకులు సూస్తా!" అంది. వెళ్లి నిజంగానే చూసేది. అనుమానం మానలేదు, అడిగే ప్రశ్న మారింది, అంతే. తరువాతి నాలుగేళ్లలో మా వైపు ఏ ఊరికి పోయినా ఎవరి వాకిట్లోనో ఒక తెల్లగోరు పెట్ట తిరుగుతూ కనబడేది.

ఇప్పుడు ఆ వాకిళ్లు లేవు. మొన్న ఆదోని వెళ్లినప్పుడు కోళ్ల సంత జరిగే చోటును అడిగితే ఎవరూ చెప్పలేకపోయారు. తెల్లగోరంటే ఏమిటని ఒకాయన నన్నే అనుమానంగా చూశాడు. ఈ అట్టలో గుడ్లను వేన్నీళ్లలో ముంచే పని ఎవరికీ లేదు. పుంజు ముఖం ఎరగని కోళ్లు పెట్టిన గుడ్లు ఇవి, ఎంత పొదిగినా పిల్ల లేవదు. నాకు తెలుసు. అయినా నిన్న మధ్యాహ్నం మబ్బు పట్టి పెద్ద ఉరుము ఉరిమితే, బీరువాలోంచి బండి చీల తీసుకొచ్చి ఆ గుడ్ల నడుమ పెట్టాను. కోడలు చూసింది. నవ్వబోయి, నా ముఖం చూసి ఆగి, దాన్ని అక్కడే ఉంచింది.